ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే ఇంజన్ వేడెక్కుతోంది – దారిలో ఏం చేయాలి, ముందు ఏది చూడాలి?

తూర్పుకనుమలు

నమస్కారం అండీ. 2013 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. మైదానంలో ఎంత ఎండలో అయినా, ఏసీ వేసినా, టెంపరేచర్ ముల్లు సగం దగ్గరనుంచి కదలదు. సిటీ ట్రాఫిక్‌లోనూ అంతే. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్‌లో ఉంటే, కొద్ది కిలోమీటర్లకే ముల్లు ముప్పావు దాటుతోంది. గాలికొండ దగ్గరికి వచ్చేసరికి ఎర్ర గీతకి కాస్త కింద ఆగింది.

బండి ఆపాక రిజర్వాయర్ సీసాలో గుడగుడమని చప్పుడు, కూలెంట్ మ్యాక్స్ గీత దాటి మూతలోంచి కారింది. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూడా ఆ నీళ్లు రేడియేటర్‌లోకి తిరిగి పోలేదు, సీసాలో మట్టం అలాగే ఉండిపోయింది. కూలెంట్ ఇటుక రంగుకి తిరిగింది. మధ్యమధ్యలో బోరు నీళ్లు కలిపారు. కింద ఎక్కడా లీకు కనిపించడం లేదు. పొగ లేదు, ఆయిల్ మామూలుగానే ఉంది.

"థర్మోస్టాట్ తీసేద్దాం, మన ఎండలకి అది అక్కర్లేదు" అని మెకానిక్ సలహా. వచ్చే నెల పెద్దవాళ్లతో శ్రీశైలం ఘాట్ ఎక్కాలి. తీయించమంటారా? లేకపోతే ఏ వరసలో చూడాలి? మళ్లీ దారిలో ఇలాగే అయితే మొదట చేయాల్సింది ఏమిటి?

ఆటోనగర్_బెంచ్

థర్మోస్టాట్ తీయనివ్వకండి. ముందు ఆ మాట, మిగతావి తర్వాత.

కూలెంట్ తగినంత వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వు అది. అది లేకపోతే ఇంజన్ అసలు ఉండాల్సిన వేడికి రాదు. ఖాళీ హైవే మీద చల్లగానే తిరుగుతుంటుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీఎం (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆరదు, అరుగుదల పెరుగుతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. రేడియేటర్ దారి తెరుస్తూనే, వెనకవైపు ఉన్న చిన్న బిళ్లతో బైపాస్ దారిని (రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోకే తిప్పే అడ్డదారిని) మూసేస్తుంది. అది తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ వైపు వెళ్లకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. అలాంటి ఇంజన్‌లో ఘాట్ మీద వేడి తగ్గకపోగా పెరుగుతుంది.

అనుమానం ఉంటే పరీక్షించడం తేలిక. థర్మోస్టాట్ మీద 82 అనో 88 అనో అచ్చు ఉంటుంది. ఒక దారం కొసను దాని వాల్వు నోట్లో ఇరికించి, గిన్నెలో నీళ్లలో మునిగేలా, అడుగుకి తగలకుండా వేలాడదీయండి. పక్కన థర్మామీటర్ పెట్టి సన్న మంట మీద కాచండి. వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ అడుగున పడుతుంది. ఆ క్షణంలో థర్మామీటర్ చూపిన అంకె అచ్చులో ఉన్నదానికి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. నీళ్లు మరిగేసరికి వాల్వు దాదాపు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. తేడా ఉంటే కొత్తది, అదే డిగ్రీలది, కొత్త రబ్బరు రింగుతో వేయించండి.

ఇక మీ బండి సంగతి. ఎప్పుడు వేడెక్కుతోందన్నదే సగం జవాబు. ట్రాఫిక్‌లో వేడెక్కి, బండి కదిలితే చల్లబడితే అది ఫ్యాను వైపు తప్పు: మోటారు, రిలే, ఫ్యూజు, లేదా టెంపరేచర్ సెన్సర్. స్టార్ట్ చేసిన పది పదిహేను నిమిషాల్లోనే ఎర్రలోకి పోతే థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కుంది, కాకపోతే ఎయిర్‌లాక్, అంటే గొట్టాల్లో గాలి చిక్కుకోవడం. బరువుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు మాత్రమే అయితే వేడిని బయటికి పంపే సామర్థ్యం తగ్గిందని అర్థం. మీది ఈ మూడోది. ట్రాఫిక్‌లో బాగానే ఉందంటే ఫ్యాను పనిచేస్తున్నట్టే.

మొదటి అనుమానం రేడియేటర్ మూత మీద. అది ఉత్త మూత కాదు, రెండు వాల్వులున్న భాగం. లోపల ఒత్తిడిని 0.9 లేదా 1.1 బార్ వరకు పట్టి ఉంచుతుంది, అది దాటితే కూలెంట్‌ని సీసాలోకి వదులుతుంది. చల్లారేటప్పుడు రెండో చిన్న వాల్వు తెరుచుకుని ఆ కూలెంట్‌ని వెనక్కి లాక్కుంటుంది. 0.9 బార్ ఒత్తిడిలో ఉత్త నీళ్లయినా 118 డిగ్రీల దాకా మరగవు. మూత వదులైతే సముద్రమట్టంలో 100కే, వెయ్యి మీటర్ల ఎత్తులో 97కే మరుగుతాయి. చల్లారాక సీసాలో నీళ్లు వెనక్కి పోలేదన్నారు చూశారా, అది మూతో, సీసాకి వెళ్లే సన్న గొట్టమో తన పని చేయడం లేదనడానికి గుర్తు. మూత తీసి కింద రబ్బరు చూడండి. గట్టిపడినా, పగుళ్లున్నా, గీత లోతుగా పడినా మార్చేయండి. కొన్ని వందల రూపాయల వస్తువు. పాత మూత మీద ఎంత బార్ అని ఉందో అంతదే కొనండి, ఎక్కువది వేస్తే పాత హోసులు, ప్లాస్టిక్ ట్యాంకు పగులుతాయి.

రెండో అనుమానం రేడియేటర్ లోపలి గొట్టాలు. ఇటుక రంగు అంటే తుప్పు, బోరు నీళ్లంటే సున్నం. రెండూ కలిసి కింది వరసల గొట్టాలను పూడుస్తాయి. మైదానంలో మిగిలిన గొట్టాలతో నెట్టుకొస్తుంది, ఘాట్‌లో చాలదు.

మూడోది బయటి దుమ్ము. ముందు నుంచి చూస్తే కనిపించేది ఏసీ కండెన్సర్, రేడియేటర్ దాని వెనక ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందులో పురుగులు, ఊక, దూది పొరలా పేరుకుంటాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీస్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. గ్రిల్‌కి పురుగులు పడకుండా నెట్ కట్టించి ఉంటే తీసేయండి. గాలి తగ్గేది అక్కడే.

ఈ మూడూ బాగుంటేనే వాటర్ పంపు రెక్కలు, బెల్టు జారడం, చక్రాల దగ్గర బ్రేకు పట్టేయడం చూడాలి.

స్పానర్14

బెంచ్ గారు కారణాలు చెప్పారు కాబట్టి దారిలో చేయాల్సింది నేను రాస్తాను.

ముల్లు ముప్పావుకి వచ్చి ఇంకా ఎర్రలోకి వెళ్లలేదు, ఆవిరి లేదు. వెంటనే ఏసీ ఆపండి. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టి, కిటికీలు దించండి. మే నెలలో కష్టంగానే ఉంటుంది, కానీ హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే, అక్కడ వదిలిన వేడి ఇంజన్‌కి తగ్గినట్టే. మూడో గేరులో 1500 ఆర్‌పీఎం మీద ముక్కుతూ ఎక్కించకండి. రెండులోకి దించి 2500–3000 మధ్య, యాక్సిలరేటర్ తేలిగ్గా ఉంచి ఎక్కించండి. వాటర్ పంపు ఇంజన్‌తోపాటే తిరుగుతుంది, తక్కువ ఆర్‌పీఎం అంటే తక్కువ కూలెంట్. ముందున్న లారీకి దగ్గరగా పోకండి, దాని వేడిగాలే మీ రేడియేటర్‌కి తగులుతుంది.

రెండు మూడు నిమిషాల్లో ముల్లు దిగకపోతే మలుపు కాని చోట, రోడ్డు దిగి ఆపండి. హజార్డ్ లైట్లు, హ్యాండ్‌బ్రేక్, చక్రం వెనక రాయి. మనుషుల్ని రోడ్డుకి అవతలి పక్క కాకుండా బండి దిగిన వైపే, లోపలికి నిలబెట్టండి. ప్రతి చక్రానికీ రాయి పెట్టనక్కర్లేదు, వెనక రెండింటికి చాలు.

ఇంజన్ ఆపాలా, ఐడిల్‌లో ఉంచాలా అన్నది చాలామంది తికమకపడే చోటు. కూలెంట్ లోపలే ఉంది, ఎక్కడా కారడం లేదు, ముల్లు ఎర్రకి కిందే ఉందంటే ఒకటి రెండు నిమిషాలు న్యూట్రల్‌లో ఐడిల్‌లో ఉంచండి. పంపు, ఫ్యాను తిరుగుతాయి, హెడ్‌లోని (ఇంజన్ పై భాగంలోని) వేడి సమంగా దిగుతుంది. ముల్లు దిగకపోయినా, ఎర్రలో ఉన్నా, ఆవిరి కొడుతున్నా, కింద నీళ్లు ధారగా పోతున్నా వెంటనే ఆపేయండి. నీళ్లు లేని ఇంజన్‌ని తిప్పితే చల్లబడదు, కాలుతుంది. ఆపాక తాళం ఆన్ దాకా మాత్రం తిప్పి ఉంచితే చాలా కార్లలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ మీద ఓ కన్నేసి అయిదు నిమిషాలు అలా ఉంచవచ్చు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, పైకి వెళ్లి ఆపుదాం" అనుకోవద్దు. అల్యూమినియం హెడ్ ఎర్రలో ఉండగా లోడుతో నడిస్తే వంగుతుంది. చాలా చిన్న ఇంజన్లకి కంపెనీ ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గరే. అది దాటితే గాస్కెట్ (హెడ్ కింది సీలు) పోయి, హెడ్ దించి ఫేసింగ్ చేయించాల్సిందే, అంటే అడుగుని చదును చేయించాల్సిందే.

ఇంకో మోసం: కూలెంట్ బాగా పోయాక సెన్సర్ కొస నీళ్లలో ఉండదు, గాలిలో ఉంటుంది. అప్పుడు ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. చల్లబడిందని సంబరపడకండి. హీటర్ వేడి వైపు పెట్టినా చల్లగాలి వస్తుంటే లోపల నీళ్లు లేవని అర్థం, ఆ క్షణమే ఆపండి.

నల్లమల_రూటు

మూత తీయడం గురించి కాస్త వివరంగా రాయాలి, ఎక్కువగా కాళ్లూ చేతులూ మొహాలూ కాలేది ఇక్కడే.

ఆవిరి సందుల్లోంచి కొడుతుంటే బానెట్ ఎత్తొద్దు, తగ్గేదాకా ఆగండి. ఎత్తాక కనీసం 40, 45 నిమిషాలు దేన్నీ ముట్టుకోకండి. తర్వాత మందపాటి గుడ్డతో రేడియేటర్ పై హోసుని నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉంటే లోపల ఒత్తిడి ఉంది. మెత్తగా నొక్కుకుంటే దిగింది. లోపల 110 డిగ్రీల్లో ఉన్న నీళ్లు మరగకుండా ఉన్నది ఒత్తిడి వల్లే. మూత తీయగానే ఒత్తిడి పోయి మొత్తం ఒక్కసారి ఆవిరై పైకి లేస్తుంది, మరిగే కుక్కర్ మూత బలవంతంగా లాగినట్టే. హోసు మెత్తబడ్డాక గుడ్డని నాలుగు మడతలు వేసి మూత మీద కప్పి, మొహం పక్కకి తిప్పి, మొదటి ఆగు దాకా పావు తిప్పు మాత్రం తిప్పండి. బుస్సుమని శబ్దం పూర్తిగా ఆగాకే నొక్కి తీయండి. రేడియేటర్ మీద మూత లేకుండా, ఒత్తిడి ఉండే ప్లాస్టిక్ ట్యాంకుకే మర మూత ఉన్న కార్లకీ ఇదే జాగ్రత్త.

నీళ్లు పోసేటప్పుడు సీసాలో పోసి సరిపెట్టకండి. పొంగిన రేడియేటర్‌లో మట్టం తగ్గి ఉంటుంది, సీసాలోది అక్కడికి వెంటనే పోదు. రేడియేటర్‌లోనే పోయాలి. ఇంజన్ ఇంకా వెచ్చగా ఉంటే స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి, గ్లాసు గ్లాసుగా, ఆగి ఆగి పోయండి. కాలుతున్న ఇంజన్‌లోకి చల్లనీళ్లు ఒక్కసారి పోసినా, బానెట్ ఎత్తి ఇంజన్ మీద బిందె కుమ్మరించినా హెడ్ పగలొచ్చు. ఆ అలవాటు ఘాట్ల మీద ఇంకా కనిపిస్తోంది, దయచేసి ఎవరూ చేయొద్దు. తాగే నీళ్ల బాటిల్ అయినా ఫర్వాలేదు, ఊరు చేరడానికే కదా. ఊరు చేరాక మాత్రం మొత్తం వంపేసి సరైన కూలెంట్ పోయించండి.

దారిలో పనికొచ్చే తాత్కాలిక మరమ్మతులు కొన్ని. హోసు చివర చీలితే, పొడవు సరిపోతే చీలిన మేర కోసేసి మళ్లీ తొడిగి క్లాంపు బిగించండి. మధ్యలో చీలితే తుడిచి ఆరబెట్టి, తనకు తానే అంటుకునే సిలికాన్ టేపుని లాగి సాగదీస్తూ నాలుగైదు పొరలు చుట్టండి. మామూలు కరెంటు టేపు వేడికి నిలవదు. ఫ్యాను తిరగకపోతే ముందు ఫ్యూజు చూడండి, తర్వాత అదే నంబరున్న హారన్ రిలే తీసి ఫ్యాను రిలే చోట పెట్టి చూడండి. చిన్న లీకుకి రేడియేటర్‌లో పసుపు పోసే అలవాటుంది. లీకు ఆగుతుంది, దానితోపాటు హీటర్ కోర్ కూడా పూడుతుంది. ఆ పని వద్దు. బ్యాటరీ లైటు వెలిగి ముల్లు కూడా లేస్తే బెల్టు తెగి ఉండొచ్చు. అలాంటప్పుడు అడుగు కూడా నడపకండి, టోయింగే.

శ్రీశైలం వెళ్తున్నారు కాబట్టి: అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టుల్లో బండ్లు వదలరు, మధ్యలో ఫోను సిగ్నలు చాలా చోట్ల ఉండదు. మధ్యాహ్నంలోపే ఘాట్ దాటేలా బయల్దేరండి, ఒక గంట ఆగాల్సి వచ్చినా చీకటి పడదు. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరు ఉంది. డిక్కీలో 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్, ఒక లీటరు రెడీమిక్స్ కూలెంట్, సిలికాన్ టేపు, రెండు క్లాంపులు, స్క్రూడ్రైవర్, తోలు గ్లవ్స్, రెండు మూడు ఫ్యూజులు ఉంటే చాలు.

తూర్పుకనుమలు

అందరికీ ధన్యవాదాలు. చూసినవి ఇవి.

మూత కింద రబ్బరు గట్టిపడి పగిలింది. మూత మీద 0.9 అని ఉంది, అదే కొన్నాను. థర్మోస్టాట్ 82ది, దారం పరీక్షలో 83 దగ్గర జారింది. ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) పెట్టి కూలెంట్ వేడి చూస్తే మైదానంలో 80 వేగంలో 89–91 డిగ్రీలు, ఏసీ లేకుండా నిలబెట్టినప్పుడు 97కి ఫ్యాను వచ్చి 92కి ఆగుతోంది. కండెన్సర్ వెనక సందు కడిగించాను, చాలా ఊక వచ్చింది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే రేడియేటర్ కింది మూడో వంతు దాదాపు చల్లగా ఉంది, పైభాగం బాగా వేడి. చల్లని ఇంజన్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు రాలేదు.

రేడియేటర్‌ని యాసిడ్‌తో కడిగించి వాడొచ్చా, మార్చాలా? కూలెంట్ ఏది, ఎంత?

ఆటోనగర్_బెంచ్

బుడగలు రాకపోవడం చాలా మంచి కబురు, హెడ్ గాస్కెట్ జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. థర్మోస్టాట్, ఫ్యాను కూడా సరిగ్గా ఉన్నాయి, వాటిని కదపకండి.

కింది మూడో వంతు చల్లగా ఉందంటే ఆ గొట్టాల్లో కూలెంట్ పారడం లేదు. మీ రేడియేటర్ అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకుల రకం. పాత ఇత్తడి, రాగి రేడియేటర్లకి ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్న రేకు దింపి గీకి, మళ్లీ టంకం వేసేవారు. దీనికి ఆ వైద్యం కుదరదు. యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది, దానితోపాటు కాగితమంత మందమున్న గొట్టాన్నీ తినేస్తుంది, నెలలోపే లీకు మొదలవుతుంది. కొత్తది వేయించండి. దానితోపాటు పైనా కిందా హోసులు, క్లాంపులు కూడా మార్చండి, పదేళ్లు దాటిన రబ్బరు కొత్త మూత నిలబెట్టే ఒత్తిడికి ఆగదు.

కొత్త రేడియేటర్ బిగించే ముందు ఇంజన్ లోపలి తుప్పు కడగాలి, లేకపోతే అదంతా కొత్తదాంట్లో చేరుతుంది. పాత రేడియేటర్‌తోనే, డిస్టిల్డ్ వాటర్ నింపి, హీటర్ వేడి వైపు పెట్టి, ఫ్యాను ఒకసారి వచ్చేదాకా తిప్పి, చల్లార్చి వంపండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. సీసాని కూడా విప్పి కడగండి, అడుగున బురద ఉంటుంది. సీసాకి వెళ్లే సన్న గొట్టంలో గాలి ఊది చూడండి.

కూలెంట్ విషయంలో రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణమేమీ లేదు. మీ కారు మాన్యువల్‌లో ఏ రకం అని రాసి ఉందో అదే, ఇథిలీన్ గ్లైకాల్ ఆధారంగా ఉన్నది కొనండి. పాత సిలికేట్ రకాన్నీ కొత్త ఆర్గానిక్ యాసిడ్ రకాన్నీ కలిపితే కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది. కాన్సంట్రేట్ అయితే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి, రెడీమిక్స్ అయితే చుక్క నీళ్లు కలపకూడదు. ఎక్కువ చిక్కగా పోస్తే మంచిదనుకుంటారు. గ్లైకాల్ పెరిగే కొద్దీ వేడి మోసే శక్తి తగ్గుతుంది, కాబట్టి సగం దాటించకండి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి నీళ్లు చాలనేది తప్పు, తుప్పు ఆపేదీ పంపు సీలుని కాపాడేదీ కూలెంటే. ఈ సైజు ఇంజన్లలో మొత్తం 4 నుంచి 5 లీటర్లు పడుతుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. కడిగిన నీళ్లు కొంత ఇంజన్‌లోనే మిగులుతాయి, అందుకని కాన్సంట్రేట్ ముందు పోసి తర్వాత నీళ్లతో నింపడం మేలు.

ఒలికిన కూలెంట్‌ని వెంటనే నీళ్లతో కడిగేయండి. రుచికి తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, విషం. మిగిలిన డబ్బా పిల్లలకి అందకుండా పెట్టండి.

స్పానర్14

నింపేటప్పుడు గాలి తీయడం ఒకటి మిగిలింది, చాలా షాపుల్లో తొందరలో వదిలేసేది ఇదే.

బండి ముందు చక్రాలను కాస్త ఎత్తులో ఉంచండి, రేడియేటర్ మెడే (మూత బిగించే చోటే) అన్నిటికంటే పైన ఉండాలి. హీటర్ వేడి వైపు. కూలెంట్ సన్నధారగా పోయండి, మధ్యలో పై హోసుని పిసుకుతూ ఉంటే గాలి బయటికి వస్తుంది. నిండాక మూత లేకుండా స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచండి. కాసేపటికి బుడగలు వస్తూ మట్టం ఒక్కసారి దిగుతుంది. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు జరిగేదే అది, భయపడకుండా మళ్లీ నింపండి. మట్టం మెడ దాటి పొంగబోతుంటే మూత పెట్టేయండి. ఫ్యాను రెండుసార్లు వచ్చి ఆగేదాకా ఉంచి, హీటర్ గాలి ఒకే తీరుగా వేడిగా వస్తోందా చూడండి. ఓసారి వేడిగా, ఓసారి చల్లగా మారుతుంటే ఇంకా గాలి ఉంది.

మర్నాడు పొద్దున, చల్లని ఇంజన్ మీద మూత తీసి మట్టం చూడండి, తగ్గితే నింపి సీసాని మ్యాక్స్ గీత దాకా పోయండి. మొదటి వారం రోజూ చూడాలి. పై హోసు పొద్దున అణిగిపోయి బల్లపరుపుగా కనిపిస్తే కొత్త మూతలోని చిన్న వాల్వు పనిచేయడం లేదు, షాపుకి తిరిగి ఇచ్చేయండి.

శ్రీశైలానికి ముందు అనంతగిరి ఘాట్‌నే ఓబీడీ రీడర్‌తో, అదే బరువుతో, ఏసీతో ఒకసారి ఎక్కించండి. 100, 102 మధ్య నిలబడితే నిశ్చింతగా వెళ్లొచ్చు. 108 దాటితే పైదాకా తీసుకెళ్లకుండా ఆపి, ఆ అంకెలు, అప్పటి గేరు, వేగం ఇక్కడ రాయండి. అప్పుడు పంపు విప్పించాలో లేదో చూద్దాం.